పెద్ద సూట్ తీసుకోవాలా? ముందు గురక సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మావారికి అరవై మూడు, నాకు యాభై తొమ్మిది. ఇద్దరం ఈ ఏడాదే రిటైరయ్యాం. వచ్చే ఆగస్టులో బార్సిలోనాలో ఓడెక్కి, పది రాత్రుల తర్వాత ఏథెన్స్ రేవు పిరేయస్‌లో దిగేలా ఒక క్రూజ్ బుక్ చేసుకున్నాం. మధ్యలో ఏడు రేవులు, రెండు రోజులు పూర్తిగా సముద్రం మీదే. బాల్కనీ ఉన్న జూనియర్ సూట్ తీసుకున్నాం. మొన్న ట్రావెల్ ఏజెంటు ఫోన్ చేసి, అదే ఓడలో పై డెక్కు మీద, ముందు భాగంలో ఒక పెద్ద సూట్ ఖాళీ అయింది, మారతారా అని అడిగాడు. మేం కట్టేది వంద అనుకుంటే దానికి నూట ఎనభై అయిదు అవుతుంది. మాది 290 చదరపు అడుగులు, అది 560. మావారు ‘జీవితంలో ఒక్కసారి వెళ్తున్నాం, లెక్కలు చూడకు’ అంటున్నారు. నాకేమో మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలనిపిస్తోంది. డబ్బు లేక కాదు, ఉన్నదాన్ని దీనికి పెట్టాలా అని. ఎవర్ని అడిగినా ‘మీ ఇష్టం’ అంటున్నారు. మీరైనా ఏదో ఒకటి తేల్చి చెప్పండి. (నాకు ప్రయాణాల్లో కడుపులో తిప్పుతుంది. మావారు బాగా గురక పెడతారు. ఇవేం పెద్ద విషయాలు కావులెండి, ఊరికే రాశాను.)

– ఒక పాఠకురాలు

సమాధానం: తేల్చి చెప్పమన్నారు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. ఏజెంటు చూపించిన ఆ సూట్ తీసుకోకండి.

పెద్ద సూట్లన్నీ దండగ అని నేననడం లేదు. మీ ఇద్దరికీ ఆ గది పడదు, అంతే. పెద్ద విషయాలు కావంటూ బ్రాకెట్లోకి నెట్టేశారే, ఆ రెండు వాక్యాలే మీ ఉత్తరానికి ప్రాణం. కడుపులో తిప్పడం ఆ గదిని వద్దంటోంది. గురకేమో ఇంకో రకం పెద్ద గది కావాలంటోంది. ఈ రెండు సంగతులూ ఏజెంటుకు చెప్పారా? చెప్పి ఉండరు. చెప్పి ఉంటే, మంచివాడైతే, ఆ గది కోసం మీకు ఫోనే చేసేవాడు కాదు.

ముందు ఆ 560 అడుగుల సంగతి చూద్దాం. మీరు ఓడ పేరు, గది నంబర్లు రాశారు (ఇక్కడ బయటపెట్టను) కాబట్టి డెక్ ప్లాన్ తెరిచి చూశాను. ఆ 560లో బాల్కనీయే 190 ఉంది. మీ 290లో బాల్కనీ 60. అంటే గోడల మధ్య మీరు తిరిగే చోటు 230 నుంచి 370కి పెరుగుతుంది. ఫోన్లో రెట్టింపని వినిపించింది కాస్తా లోపలికి అడుగుపెట్టేసరికి ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఆగిపోయింది. ఇందులో దగా ఏమీ లేదు. బాల్కనీ కలిపి మొత్తం చెప్పడం ఆ వ్యాపారంలో మామూలే. 2020లో వచ్చిన ‘సెవెన్ సీస్ స్ప్లెండర్’ అనే ఓడలో రీజెంట్ సూట్ అని ఒకటుంది, 4,443 చదరపు అడుగులు. దాని లెక్కలోనూ బాల్కనీ కలిసే ఉంది. కోటీశ్వరులకే తప్పలేదు, మనమెంత.

‘సూట్’ అన్న మాట విషయంలో కూడా కొంచెం జాగ్రత్త. ఓడల్లో ఆ పేరు ఎవరు దేనికి పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. జూనియర్ సూట్, మినీ సూట్ అని పిలిచేవి చాలా ఓడల్లో కాస్త సాగదీసిన బాల్కనీ గదులే. గది ఒకటే, ఓ పక్కన సోఫా, మహా అయితే మధ్యలో ఒక తెర. బాత్‌రూమ్‌లో టబ్ ఉంటుంది, బట్టల అలమర కాస్త పెద్దది. చెడ్డ గదులని కాదు. నేనైతే వాటిలో హాయిగానే ఉన్నాను. కానీ ‘సూట్’ అనగానే కళ్లముందు కదిలే రెండు గదులు, మధ్యలో తలుపు, అవి మీరు బుక్ చేసినదాంట్లో లేవు. ఈ తలుపు సంగతికి మళ్లీ వస్తాను, మీకు అదే ముఖ్యం.

ఇక గంటల లెక్క. మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి గదిలోకి వెళ్తారనుకుందాం. చివరి రోజు ఉదయం ఎనిమిదికల్లా ఖాళీ చేయాలి. మొత్తం 235 గంటలు, అటూ ఇటూగా. రోజుకు ఎనిమిది చొప్పున నిద్రకు 80 పోతాయి. ఏడు రేవుల్లో ఒక్కో దాంట్లో తొమ్మిది గంటలకు పైగా బయటే ఉంటారు. మీ దారిలో చివిటవెక్కియా, లివోర్నో రెండూ ఉన్నాయి. చివిటవెక్కియా నుంచి రోమ్‌కి, లివోర్నో నుంచి ఫ్లోరెన్స్‌కి వెళ్లాలంటే పోనూ రానూ చెరో గంట, గంటన్నర ప్రయాణం. ఆ రోజుల్లో పొద్దున్నే దిగితే సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ ఓడెక్కడమే. అలా ఇంకో 65 గంటలు. భోజనాలు, షోలు, డెక్కు మీద తిరగడం, పూల్ దగ్గర కూర్చోవడం కలిపి రోజుకు నాలుగున్నర గంటలు, మొత్తం 45. స్నానాలు, తయారవడం 15. ఇవన్నీ పోగా మెలకువగా, తీరిగ్గా, గదిలో కూర్చునే సమయం ముప్పై గంటలు మిగులుతుంది. అందులోనూ సగానికి సగం ఆ రెండు సముద్రపు రోజుల్లోనే.

ఆ ముప్పై గంటల కోసం మీరు పైన పెట్టేది ఎనభై అయిదు. మీ జూనియర్ సూట్ పది రాత్రులకు వంద కదా, అంటే ఒక్కో రాత్రికి పది. కాబట్టి ఎనభై అయిదుకి ఇంకో ఎనిమిది రాత్రుల ప్రయాణం వస్తుంది, కొంత చిల్లర కూడా మిగులుతుంది. ‘జీవితంలో ఒక్కసారి’ అంటున్న మీవారికి ఈ ఒక్క లెక్క చెప్పి చూడండి. ఈ డబ్బుతో ఆ ఒక్కసారి కాస్తా రెండుసార్లవుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట మేమూ ఒక పెద్ద సూట్‌కి మారాం. అదీ రేవుల మీద రేవులు ఉన్న ప్రయాణమే. లోపల ఎనిమిది కుర్చీల భోజనాల బల్ల ఉంది. ఎనిమిది! మేమున్నది ఇద్దరం. దాని మీద ఫోన్ల ఛార్జర్లు, టోపీలు, తడిసిన తువ్వాళ్లు పెట్టుకునేవాళ్లం. మూడో రోజుకి ఆ కుర్చీలను చూస్తే ఎవరూ రాని పేరంటంలా దిగులేసేది. రెండో టీవీని ఒక్కసారి కూడా పెట్టలేదు. మరి బాగున్నదేమీ లేదా అంటే, ఉంది. రెండో బాత్‌రూమ్. దానికి మాత్రం మళ్లీ అడిగినా డబ్బిస్తాను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఓడల్లో సూట్ల ధర విస్తీర్ణంతో పాటు నెమ్మదిగా, సమానంగా పెరగదు. అదో నిచ్చెన. కొన్ని మెట్ల మీద గది మాత్రమే పెద్దదవుతుంది. ఒకానొక మెట్టు మీద మాత్రం ఓడే మారిపోతుంది. వేరే రెస్టరెంట్, వేరే లాంజ్, వేరే డెక్కు, మన పనులు చూసిపెట్టే కన్సియర్జ్ అనే మనిషి, అన్నీ ఆ మెట్టు దగ్గర ఒక్కసారిగా మొదలవుతాయి. మీ డబ్బు ఆ మెట్టు దాటిస్తోందా, లేక దానికి ఇవతలో అవతలో నేలను మాత్రమే పెంచుతోందా అన్నది చూసుకోవాలి. ఎన్ని అడుగులు పెరిగాయన్నది ఆ తర్వాతి మాట.

ఈ మెట్టు ఒక్కో కంపెనీలో ఒక్కో చోట ఉంటుంది. రాయల్ కరీబియన్ వారి పెద్ద ఓడల్లో సూట్లను సీ, స్కై, స్టార్ అని మూడు తరగతులు చేశారు. జూనియర్ సూట్ సీ తరగతి. సూట్ల వాళ్ల కోస్టల్ కిచెన్‌లో రాత్రి భోజనం దొరుకుతుంది కానీ సూట్ లాంజ్ దొరకదు. స్కైకి వెళ్తే లాంజ్, కన్సియర్జ్, ఇంటర్నెట్ వస్తాయి. స్టార్‌కి వెళ్తే డ్రింక్స్ ప్యాకేజీ, డబ్బు కట్టి తినాల్సిన రెస్టరెంట్లు, టిప్పులు అన్నీ ధరలోనే కలిసిపోతాయి, పైగా రాయల్ జీనీ అని ఒక మనిషిని మీకోసం పెడతారు. అక్కడ సీ నుంచి స్కైకి మారడం నిజంగా మెట్టెక్కడమే. హాలండ్ అమెరికాలో విస్టా సూట్ నుంచి నెప్ట్యూన్ సూట్‌కి వెళ్లినప్పుడు నెప్ట్యూన్ లాంజ్ తలుపు తెరుచుకుంటుంది. కునార్డ్‌లో ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ అని గది తరగతిని బట్టే భోజనశాల కూడా మారుతుంది, క్వీన్స్ గ్రిల్ వాళ్లకు బట్లర్ ఉంటాడు. పాతకాలపు ఓడల తరగతులు పోలేదు, పేర్లు మార్చుకున్నాయి.

దీనికి పూర్తిగా ఎదురు ఎంఎస్‌సీ వారి యాట్ క్లబ్. 2008లో ‘ఫాంటాసియా’ ఓడతో మొదలుపెట్టారు. ఓడ లోపలే ఇంకో చిన్న ఓడ అనుకోండి. విడిగా పూల్, విడిగా రెస్టరెంట్, బట్లర్, తాగేవన్నీ ధరలోనే. అక్కడ మెట్టు క్లబ్ గుమ్మం దగ్గరే ఉంది. గుమ్మం దాటాక చిన్న గదిలో ఉన్నవాళ్లూ పెద్ద గదిలో ఉన్నవాళ్లూ అదే పూల్ పక్కన కూర్చుంటారు. కొన్ని ఓడల్లో యాట్ క్లబ్‌లో కిటికీ లేని గదులు కూడా ఉన్నాయి. నాలాంటి వాళ్లకు అదే తెలివైన బేరం. సెలబ్రిటీ వారి రిట్రీట్ కూడా ఇంచుమించు ఇలాంటిదే. అక్కడ స్కై సూట్ అన్నింటికంటే కింది మెట్టు, అయినా లూమినే రెస్టరెంట్, లాంజ్ దానితోనే వచ్చేస్తాయి. అంతకంటే పైకి వెళ్తే మీరు కొనేది ముఖ్యంగా జాగానే. నార్వీజియన్ వారి హేవెన్ కూడా ఇలాంటి విడి భాగమే, కానీ దాని దగ్గర ఇంకో మెలిక. పేరులో సూట్ ఉన్నా హేవెన్‌లోకి రానివ్వని గదులు వాళ్ల ఓడల్లో ఉన్నాయి. గది తాళపు కార్డు ఆ తలుపు తెరుస్తుందా అని ముందే అడక్కపోతే, అద్దం బయట నిలబడి లోపలి పూల్ చూడాల్సి వస్తుంది.

మీ ఓడలో ఈ మెట్టు ఎక్కడుందో చూశాను. మీకు చూపించిన సూట్‌తో లాంజ్ వస్తుంది, ఓడ ఎక్కేటప్పుడు ముందు వరస వస్తుంది, టెండర్ పడవలో ముందు చోటు వస్తుంది. అంటే అది మెట్టు దాటుతోంది, నిజమే. సాంటోరినీలో ఈ టెండర్ చోటు బాగా పనికొస్తుంది. అక్కడ ఓడ ఒడ్డుకు చేరదు, నీళ్లలోనే ఆగి చిన్న పడవల్లో జనాన్ని దించుతుంది. ముందు దిగినవాళ్లకు కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ కారు దగ్గర వరస చిన్నగా ఉంటుంది. అయితే మీ దారిలో టెండర్ వాడే రేవు అదొక్కటే. లాంజ్ విషయానికొస్తే, ఓడ ఎంత పెద్దదైతే లాంజ్‌కి అంత విలువ. ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ లాంటి ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,600 మందికి పైగా ఉంటారు. అలాంటి చోట జనం లేని ఒక మూల దొరకడమే వైభోగం. మీ ఓడ అందులో సగం కూడా లేదు. మామూలు డెక్కుల మీదే మీకు కావలసినంత నిశ్శబ్దం ఉంటుంది.

సరే, ఇక కడుపు సంగతి.

ఓడ ముందుకీ వెనక్కీ ఊగడాన్ని పార్కుల్లో పిల్లలు చెరో కొసన ఎక్కే సీ-సా బల్లతో పోల్చుకోండి. నడిమధ్య కూర్చున్నవాడికి ఏమీ తెలియదు, రెండు కొసల్లో కూర్చున్నవాళ్లు పైకీ కిందికీ పోతారు. పక్కలకు ఊగినప్పుడేమో, ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ తెలుస్తుంది. పక్కల ఊపును తగ్గించడానికి ఓడలకు నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ముందువెనకల ఊపుకి అవి పెద్దగా ఉపయోగపడవు. ఇప్పుడు ఏజెంటు చూపించిన గది చూడండి: పై డెక్కు, ముందు కొస. కడుపులో తిప్పేవాళ్లకు ఇంతకంటే చెడ్డ చోటు ఓడలో వెతికినా దొరకడం కష్టం. మధ్యధరా ప్రశాంతంగా ఉంటుందిలే అంటారేమో. చాలావరకు ఉంటుంది. కానీ మీరు బయల్దేరేది బార్సిలోనా నుంచి మార్సెయ్‌కి. దారిలో, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని గల్ఫ్ ఆఫ్ లయన్ మీద మిస్ట్రాల్ గాలి విరుచుకుపడితే ఓడ ఊగుతుంది. చివర్లో, గ్రీస్ పక్కనుండే ఏజియన్ సముద్రంలో ఆగస్టంటే మెల్టెమి గాలుల కాలం. ఉత్తరం నుంచి రోజుల తరబడి కొడుతుంది. మీ ప్రయాణం రెండు కొసల్లోనూ గాలే, మీ గది కూడా కొసలోనే.

ముందు భాగంలోని బాల్కనీకి ఇంకో ఇబ్బంది. ఓడ ఇరవై నాట్ల వేగంతో పోతోందంటే, బయట గాలే లేకపోయినా, గంటకు ముప్పై ఏడు కిలోమీటర్ల ఎదురుగాలి మీ మొహాన కొడుతుంది. కాగితం నిలవదు, టోపీ నిలవదు. ఆ 190 అడుగులు మీకు ఉపయోగపడేది ఎక్కువగా ఓడ రేవులో ఆగినప్పుడు, అప్పుడు మీరు ఊళ్లో ఉంటారు. పైగా ముందువైపు చూసే గదుల వాళ్లను రాత్రిళ్లు తెరలు వేసి ఉంచమంటారు. ఓడ నడిపే బ్రిడ్జి నుంచి చీకట్లోకి చూసేవాళ్లకు ఆ గదుల వెలుతురు అడ్డం కాకుండా. చుక్కలు చూద్దామని పెద్ద బాల్కనీ కొనుక్కున్నవాళ్లకు ఈ సంగతి ఓడెక్కాకే తెలుస్తుంది.

మీ జూనియర్ సూట్ మాత్రం నడిమధ్యలో, కింద నుంచి ఏడో డెక్కు మీద ఉంది. దాని పైనా కిందా ప్రయాణికుల గదులే. పూల్ డెక్కు కింద గదైతే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడు, థియేటర్ పైనైతే రాత్రి డ్రమ్ములు. మీకు రెండూ లేవు. ఎంచుకున్నది మీరో ఏజెంటో కానీ, చాలా మంచి చోటు. దాన్ని వదులుకోబోతున్నారన్న దిగులే నన్ను ఇంత పొడుగు సమాధానం రాయిస్తోంది.

ఇక గురక.

మీరు దీన్ని తేలిగ్గా రాశారు. ముప్పై ఏళ్లుగా అలవాటైపోయి ఉంటుంది. ఇంట్లో మీకు తప్పించుకునే దారి ఏదో ఉండే ఉంటుంది, పక్క గదో, హాల్లో సోఫానో. ఓడలోని 230 అడుగుల్లో అలాంటి దారి ఉండదు. ఒకటే గది, ఒకటే గాలి. పది రాత్రులు. లెక్క వేసిన ముప్పై గంటలు పక్కన పెట్టండి, మీ విషయంలో లెక్కలోకి రావలసినవి ఆ ఎనభై నిద్ర గంటలు. పెద్ద గదికి డబ్బు పెట్టడానికి నాకు కనిపించిన ఒకే ఒక్క మంచి కారణం ఇదే.

అయితే దీనికి అడుగులు కాదు, తలుపు కావాలి. పడకగదికీ ముందుగదికీ మధ్య గోడ ఉండి, మూసుకునే తలుపు ఉండాలి. ఏజెంటు చూపించిన 370 అడుగుల సూట్‌లో, ప్లాన్‌లో చూస్తే, ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక తెర, టీవీ తగిలించిన సగం గోడ. దాని మీదుగా గురక హాయిగా నడిచొస్తుంది. అంటే ఎనభై అయిదు అదనంగా కట్టి, కడుపులో తిప్పుకుంటూ, పెద్ద గదిలో అదే గురక వింటారు! రెండు అంతస్తుల లాఫ్ట్ సూట్లని కొన్ని ఓడల్లో ఉంటాయి, ఫొటోల్లో కళ్లు చెదిరిపోతాయి. వాటిలో పై పడక చాలాచోట్ల కింది గదిలోకి తెరిచే ఉంటుంది. గురక పెట్టేవాళ్ల ఇంటికి అవి అసలే పనికిరావు.

కాబట్టి ఏజెంటును ఇలా అడగండి. ఓడ మధ్య భాగంలో, మరీ పైన కాకుండా, పడకగదికి నిజమైన తలుపున్న ఒక బెడ్‌రూమ్ సూట్ ఉందా? ఉంటే, మీవారు తీసుకోమంటే, నూట యాభై దాకా పెట్టొచ్చని నా ఉద్దేశం. అక్కడ మీరు కొంటున్నది నిద్ర, దాంతోపాటు లాంజ్ కొసరు. అంతకు మించితే వద్దు.

లేదా ఇంకో దారి ఉంది, ఏజెంట్లు తమంతట తాము చెప్పనిది. మీ జూనియర్ సూట్ అలాగే ఉంచుకుని, అదే వరండాలో ఎదురుగానో పక్కనో కిటికీ లేని చిన్న గది ఒకటి తీసుకోండి. పగలంతా ఇద్దరూ బాల్కనీలో ఉంటారు, రాత్రి ఒకరు చిన్న గదిలోకి వెళ్లి పడుకుంటారు. ఆ గదులు చిమ్మచీకటిగా ఉంటాయి, నిద్రకు అంతకంటే ఏం కావాలి. గదిలో ఒక్కరే ఉన్నా మామూలుగా ఇద్దరి ఛార్జీ కట్టించుకుంటారు, అది నిజమే. కానీ రేవు పన్నులు, ప్రభుత్వ పన్నులు తలకు ఇంత అని వేస్తారు తప్ప గదికి కాదు, కాబట్టి అవి రెండోసారి పడవు. అంతా కలిపినా ఎనభై అయిదు కంటే బాగా తక్కువే అవ్వొచ్చు, ధర అడిగి చూడండి. నార్వీజియన్ 2010లో ‘ఎపిక్’ ఓడతో ఒంటరి ప్రయాణికుల కోసమే చిన్న స్టూడియో గదులు మొదలుపెట్టింది. తర్వాత ఇంకొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. మీ ఓడలో అలాంటివి ఉంటే ఒక్కరి ధరే పడుతుంది. భార్యాభర్తలు రెండు గదులు తీసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని చూడకండి. ఓడలో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరు?

మీవారి మాట కూడా కొట్టిపారేయడానికి లేదు. నలభై ఏళ్లు పనిచేసి దిగిన మనిషి, ఒక్కసారి లెక్క చూడకుండా ఖర్చు పెట్టాలనుకోవడం తప్పేం కాదు. ఆయన్ని కూర్చోబెట్టి ఒకటే అడగండి: ‘ఆ సూట్‌లో ఏ సమయంలో, ఏం చేస్తున్నట్టు మీకు కనిపిస్తోంది?’ పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతున్నట్టు అంటే, ఆ కాఫీకి మీ 60 అడుగుల బాల్కనీ చాలు, పైగా గాలికి కప్పు ఎగిరిపోదు. నలుగురిలో కాస్త గౌరవంగా, పేరు పెట్టి పిలిపించుకుంటూ ఉండాలని ఉంటే, అది గది విస్తీర్ణంతో వచ్చేది కాదు. సిల్వర్‌సీ, సీబోర్న్, రీజెంట్ లాంటి చిన్న ఓడల కంపెనీల్లో గదులన్నీ సూట్లే. అన్నింటికంటే చిన్న గదిలో ఉన్నవాళ్లకు కూడా తాగేవి, టిప్పులు ధరలోనే ఉంటాయి. మీ ఓడలో నూట ఎనభై అయిదు పెట్టే బదులు అలాంటి ఓడలో అన్నింటికంటే చిన్న గది ఎంతో ఏజెంటును అడిగితే, సమాధానం మీవారిని ఆశ్చర్యపరచొచ్చు. పెద్ద ఓడలో గొప్పింటి అతిథిగా ఉండటానికీ, అందరినీ అతిథిగా చూసే ఓడలో ఉండటానికీ తేడా ఉంది.

పెద్ద సూట్ తీసుకోండని నేను మారుమాట లేకుండా చెప్పే సందర్భాలూ ఉన్నాయి. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ‘క్వీన్ మేరీ 2’ ఏడు రాత్రులు పోతుంది. మధ్యలో సాధారణంగా ఒక్క రేవు కూడా ఉండదు. అక్కడ గదే ఊరు. మధ్యాహ్నం నిద్రపోయే చిన్నపిల్లలున్న ఇంటివాళ్లకు, పిల్లలు పడుకుంటే చీకట్లో గుసగుసలాడుకుంటూ కూర్చోవడం తప్పాలంటే ఇంకో గది కావాల్సిందే. (వాళ్లకు కూడా లోపలి నుంచి కలిసే రెండు బాల్కనీ గదులు తరచూ చవగ్గా దొరుకుతాయి, రెండు బాత్‌రూములూ వస్తాయి.) మీ ప్రయాణం ఈ రెండు కోవల్లోకీ రాదు.

డబ్బు చేతులు మారేముందు ఇంకొన్ని చిల్లర విషయాలు. చాలా కంపెనీల్లో సూట్ల వాళ్ల దగ్గర రోజువారీ టిప్పు మనిషికి కొన్ని డాలర్లు ఎక్కువ తీసుకుంటారు. బట్లర్‌కి మనం విడిగా ఇచ్చేది వేరే. పది రాత్రులు, ఇద్దరు మనుషులు అంటే లెక్కలో పెట్టుకోవలసినదే. సూట్‌లో ఉంటే మెంబర్‌షిప్ పాయింట్లు ఎక్కువొస్తాయని ఆశపెడతారు. మళ్లీ అదే కంపెనీలో వెళ్తారో లేదో తెలియని పాయింట్లకు నేను విలువ కట్టను. ఇక ‘బిడ్ వేయండి, తక్కువలో సూట్ రావచ్చు’ అంటూ ఈమెయిల్ రావచ్చు. అందులో మీరు రాసే మొత్తం సాధారణంగా ఒక్క మనిషికి, గదికి కాదు, కాబట్టి రెండుతో గుణించి చూసుకోండి. ఒప్పుకున్నారంటే డబ్బు కార్డు నుంచి పోతుంది, వెనక్కి తీసుకునే వీలుండదు. అన్నింటికీ మించి, ఏ గది ఇస్తారో వాళ్లిష్టం. నడిమధ్య గదిని చేతిలో పెట్టుకుని, కడుపులో తిప్పే మనిషి బిడ్ వేయడమంటే కొస మీదికి పొమ్మని తనను తానే వేలం వేసుకోవడం. ఆ ఈమెయిల్‌ని తెరవకుండానే తీసేయండి.

పూర్తి డబ్బు కట్టే చివరి తేదీ సాధారణంగా బయల్దేరడానికి మూడు నెలల ముందు, అటూ ఇటూగా ఉంటుంది. మీ రసీదు మీద రాసి ఉంటుంది, చూడండి. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ కొందరు రద్దు చేసుకుంటారు, తలుపున్న సూట్ ఏదైనా ఖాళీ అయ్యేది అప్పుడే. ‘ఈ రోజే చెప్పాలి, రేపటికి ఉండదు’ అని ఏజెంటు తొందరపెడితే, పోతే పోనివ్వండి. పోయేది మీకు పడని గది. సూట్లకు రద్దు నిబంధనలు కొన్నిచోట్ల గట్టిగా ఉంటాయి కాబట్టి, మారేముందు అడ్వాన్స్ తిరిగొస్తుందా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంతకీ రేపు ఏజెంటుకు ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకండి. ‘పడకగది తలుపు మూస్తే గురక బయటికి వినిపిస్తుందా?’ అని సూటిగా అడగండి. ఓడల గదులు అమ్మేవాడికి ఆ ప్రశ్న కొత్తేమీ కాదు.